రెల్లుకలము వ్రాసిన నగరము

నల్లసముద్రమునకును మర్మర సముద్రమునకును నడుమ బాస్ఫొరస్ అను సన్నని జలసంధి కలదు. దాని పడమటి గట్టు ఐరోపా ఖండము. తూర్పు గట్టు ఆసియా ఖండము. ఈ యిరుగట్టులపైనను వ్యాపించియున్న మహానగరమే ఇస్తాంబులు. ఉస్మానియా తురుష్కుల సుల్తానగు రెండవ మహమ్మదు 1453వ సంవత్సరమున దీనిని జయించెను. పిదప, 1922లో సుల్తానుల పాలన అంతరించువఱకు, ఇది వారి రాజధానిగా వర్ధిల్లెను. ఉస్మానియా యనగానే మీకు హైదరాబాదులోని విశ్వవిద్యాలయము జ్ఞప్తికి రావచ్చును. దానికా పేరు నిజాము ఉస్మాన్ అలీఖానును బట్టి వచ్చినది. ఈ సామ్రాజ్యమునకు దాని మూలపురుషుడగు ఉస్మానును బట్టి వచ్చినది. రెండును వేఱు. అయినను హైదరాబాదునకును ఈ నగరమునకును సంబంధము లేకపోలేదు. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఇస్లామీయ కళలను పరిశీలింపగోరిన పండ్రెండుగురు విద్యార్థులతో కలసి నేనీ నగరమునకు వెళ్లి పది దినములుంటిని. వారిలో చిత్రలేఖనము నభ్యసించువారు కొందఱు, వాస్తుశాస్త్రము చదువువారు కొందఱు. ఒక్కడు మాత్రము హైదరాబాదు పాతబస్తీవాడు. చిన్ననాటినుండి ఉర్దూలో చదువుకొనినవాడు. మాకు దారి చూపుటకు అచ్చటి విశ్వవిద్యాలయమున చదువుచున్న ఒక తురుష్క యువతి తోడైనది. విద్యార్థులందఱును రెండవ దినము నుండియే ఆమెను ‘అక్కా’ యని పిలువసాగిరి. ఆ మాట యర్థము తెలిసికొని ఆమె మిక్కిలి సంతోషించెను.

మొదట మేము ఆయా సోఫియాను చూచితిమి. క్రీ. శ. 537లో జస్టీనియను చక్రవర్తి కట్టించిన క్రైస్తవ దేవాలయమది. 1453లో మసీదయ్యెను, 1930 దశకమున ప్రదర్శనశాలగ మార్చబడెను, 2020లో మరల మసీదయ్యెను. దాని గుమ్మటమును గూర్చి చెప్పుటకు ఎన్నియో గ్రంథములున్నవి. మా కన్నులు మాత్రము గోడలకు వ్రేలాడుచున్న ఎనిమిది గుండ్రని పలకలపై నిలిచినవి. ఒక్కొక్క పలక యడ్డుకొలత ఏడున్నర మీటరులు. అల్లా, మహమ్మదు ప్రవక్త, నలువురు ఖలీఫాలు, ప్రవక్త మనుమలిద్దఱు - వీరి పేర్లు వానిపై బంగారు వన్నెతో వ్రాయబడియున్నవి. పందొమ్మిదవ శతాబ్దమున ముస్తఫా ఇజ్జత్ ఎఫెందీ అను లేఖకుడు వ్రాసిన యక్షరములవి. అంత పెద్దవయ్యు ఒక్క వంపైనను సడలినట్లు తోపదు. ఇస్లామీయ దేవాలయములందు విగ్రహములుండవు. ఇతర మతములవారు శిల్పమునకును చిత్రమునకును ఇచ్చిన స్థానమును వీరు అక్షరమున కిచ్చిరి.

మఱునాడు సులేమానియా మసీదునకు పోయితిమి. సులేమాను చక్రవర్తి కొఱకు సినాను అను వాస్తుశిల్పి 1550లో మొదలిడి 1557లో దీనిని ముగించెను. సినాను కైసరీ ప్రాంతమున ఒక క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడు. ఆనాటి యాచారము ననుసరించి రాజసేవకు కొనిపోబడి, సైన్యముతో దేశములు తిరుగుచు, దండు దాటుటకు వంతెనలు కట్టుచు నిర్మాణవిద్యను నేర్చెను. తరువాత దాదాపు ఏబది యేండ్లు సామ్రాజ్యమునకు ప్రధాన వాస్తుశిల్పిగ నుండెను. ఎదిర్నె పట్టణమున తాను ముసలితనములో కట్టిన సెలీమియా మసీదే తన యుత్తమ నిర్మాణమనియు, సులేమానియా కేవలము పనివాని పనియనియు ఆతడు చెప్పుకొనెనని ప్రసిద్ధి. ఆ పనివాని పనియే యిట్లున్నది!

గుమ్మటము కట్టుటలోని కష్టమేమో మా వాస్తువిద్యార్థి యొకడు గొడుగుతో చూపెను. తెఱచిన గొడుగును నేలపై బోర్లించి నడినెత్తిన నొక్కినచో దాని యంచులు వెలుపలికి జరుగును. గుమ్మటము కూడ నట్లే తన బరువును క్రిందికి మాత్రమే కాక ప్రక్కలకును త్రోయును. ఆ త్రోపును ఆపకున్న గోడలు విచ్చిపోవును. సులేమానియా గుమ్మటము నేలనుండి 53 మీటరుల యెత్తున నున్నది. దాని యడ్డుకొలత ఇంచుమించు 26 మీటరులు. సినాను దానిని నాలుగు బ్రహ్మాండమైన స్తంభములపై నిలిపి, ముందు వెనుకల రెండు అర్ధగుమ్మటముల నానించెను. మిగిలిన రెండు ప్రక్కల నున్న ఆనుగోడలను వసారాల వరుసలలో కలిపివేసెను. లోన నిలుచున్నవారికి బరువు కనబడదు, వెలుతురే కనబడును. భూకంపములు తఱచుగ వచ్చు నగరమున ఈ కట్టడము నాలుగువందల యేండ్లకు పైబడి నిలిచియున్నది.

ఈ మసీదు చుట్టును పాఠశాలలు, వైద్యశాల, బీదల కన్నము పెట్టు వంటశాల, స్నానశాల మున్నగునవి ఒకే సముదాయముగ కట్టబడెను. పాఠశాలలలో కొన్ని యిప్పుడు గొప్ప వ్రాతప్రతుల భాండాగారమై యున్నవి. మాకు వింతగొల్పినది మఱియొకటి. పూర్వము మసీదులో రాత్రులు వెలిగించు వందలకొలది దీపముల మసి గోడలకు పట్టకుండ, గాలి దానిని ప్రధాన ద్వారముపైనున్న చిన్నగదిలోనికి కొనిపోవునట్లు సినాను ఏర్పాటు చేసెనట. ఆ గదిలో చేరిన మసిని గోకి తీసి లేఖకులు సిరా చేసికొనెడివారని చెప్పుదురు. ప్రార్థనకు వెలిగిన దీపము మసియే ప్రార్థనను వ్రాయు సిరా యయ్యెనన్నమాట.

ఆ సిరా యెట్లు చేయుదురో, దానితో నెట్లు వ్రాయుదురో ఒక వృద్ధ లేఖకుని కార్యశాలలో చూచితిమి. దీపపు మసిని తుమ్మబంక నీటితో చేర్చి దీర్ఘకాలము నూరవలెను. మన పూర్వులును సిరాకు తుమ్మబంకనే వాడెడివారు గనుక ఇందులో మాకు కొత్త తోపలేదు. కాగితము సంగతి వేఱు. గ్రుడ్డులోని తెల్లసొనను పటికతో కలిపి కాగితమునకు పూసి, ఆరిన పిదప నున్నని రాతితో మెఱుగు పెట్టుదురు. అట్టి కాగితముపై సిరా లోని కింకదు, పైననే నిలుచును. తప్పు వచ్చినచో తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. కలము రెల్లుజాతి గట్టికాడ. దాని కొనను ఏటవాలుగ కోసి, నడుమ చీల్చుదురు. ఆ కొన వెడల్పే లిపి యంతటికిని కొలబద్ద. కలమును కాగితముపై నొక్కి లాగినచో పలుచదరపు చుక్క యొకటి ఏర్పడును. ఏ యక్షర మెన్ని చుక్కల పొడవుండవలెనో, ఏ వంపు ఎన్ని చుక్కల లోతుండవలెనో నియమములు కలవు. నిలువుగీతవంటి ‘అలిఫు’ అను మొదటి యక్షరము ‘సులుసు’ అను లిపిలో సుమారు ఏడు చుక్కల యెత్తుండును.

మా యందఱిచేతను ఆయన చుక్కలు పెట్టించెను. చూచుటకు సులభమే. నేను పదునైదు పెట్టితిని. ఏ రెండును ఒకటిగా రాలేదు. కలము బాగుగలేదేమో యని సందేహించితిని. ఆయన నవ్వి, ‘తప్పు కలముది కాదండీ, ఊపిరిది. గీత నడుచునంతసేపు ఊపిరి బిగబట్టవలెను’ అనెను. పాతబస్తీ బాలుని చుక్కలను మాత్రము రెండుసారులు చూచెను.

ఈ విద్యను గురువు దగ్గఱ కూర్చుండి నేర్చుకొనవలసినదే. పని సులభము చేయుమని దేవుని వేడు చిన్న ప్రార్థనావాక్యము మొదటి పాఠము. దానిని కుదురుగ వ్రాయుటకే కొందఱికి నెలలు పట్టును. గురువు శిష్యుని వ్రాతక్రింద సరియైన రూపమును వ్రాసి చూపును. శిష్యుడు మరల వ్రాసి తెచ్చును. ఏండ్ల తరబడి యిట్లు సాగిన పిదప ‘ఇజాజతు’ అను అనుమతిపత్రము లభించును. అది దొరకినగాని తన వ్రాతక్రింద పేరు పెట్టుకొను హక్కు శిష్యునకు లేదు. 1520లో మరణించిన షేక్ హమ్‌దుల్లా ఈ సంప్రదాయమునకు మూలగురువు. ఆయన వ్రాయుచుండగా రెండవ బయాజీదు సుల్తాను స్వయముగ సిరాబుడ్డి పట్టుకొని నిలిచెనని ఐతిహ్యము.

తక్కిన కళలను గూర్చి కొంచెమే చెప్పెదను. బజారునడుమ అంగళ్లపై కట్టిన రుస్తుం పాషా మసీదులో గోడలన్నియు ఇజ్నిక్ పట్టణపు పింగాణి పలకలే. తెల్లని నేలపై నీలిపూవులు, వాని నడుమ చేతికి తగులునంత ఉబ్బెత్తుగ ఎఱ్ఱరంగు. ఇనుము గల ఒక మట్టినుండి చేసిన ఆ యెఱుపు పదునాఱవ శతాబ్దపు రెండవ సగమున వెలసి, పదునేడవ శతాబ్దమున గోధుమవన్నెకు దిగజారి, తుదకు మాయమయ్యెను. రాజు పనులు తగ్గినవి, ఆవములు చల్లారినవి, పనివారితో రహస్యమును పోయినది. 1990ల నుండి శాస్త్రజ్ఞులును కళాకారులును కూడి దానిని తిరిగి సాధింపజూచుచున్నారు. ‘ఎబ్రు’ అను మఱియొక కళ కలదు. బంకతో చిక్కపఱచిన నీటిపై ఎద్దు పిత్తము కలిపిన రంగులను చిలకరించి, సూదితో దువ్వి, పైన కాగితమును పఱచి యెత్తుదురు. నీటిమీది బొమ్మ కాగితము మీది కెక్కును. పదునేడవ శతాబ్దమున మన దక్కను చిత్రకారులును ఈ పద్ధతితో చిత్రములు చేసిరి.

ఇఁక అసలు విషయమునకు వచ్చెదను. సులేమానియా ప్రాంగణమున సమాధులు చాల గలవు. ప్రతి రాతిపైనను అందమైన యక్షరములు. మా విద్యార్థి యొకడు, ‘అక్కా, ఇందేమి వ్రాసియున్నది?’ అని యడిగెను. ఆమె ముఖము చిన్నబోయెను. ‘నాకు తెలియదు. మా తాతతండ్రి సమాధిమీదను ఇట్టి యక్షరములే యున్నవి. వానినిగూడ నేను చదువలేను’ అనెను.

దీనికి కారణము 1928 నవంబరు 1వ తేదీన చేయబడిన శాసనము. కమాల్ పాషా ప్రభుత్వము అరబ్బీ లిపిని తొలగించి లాటిను అక్షరములను ప్రవేశపెట్టెను. తురుష్క భాషకు అచ్చులు ఎనిమిది. అరబ్బీ లిపి వానిని సరిగ చూపజాలదు. చదువువచ్చినవారు మిక్కిలి కొలదిగ నుండిరి. కొత్త లిపితో చదువు వేగముగ వ్యాపించెను, ఇది నిజము. తాత వ్రాసిన యుత్తరము మనుమనికి మూగదయ్యెను, ఇదియు నిజమే. రేపటినుండి తెలుగు పుస్తకములన్నియు వేఱు లిపిలో అచ్చగునని తలచుకొనుడు. మీ యింట దూలముపై దాచిన పాతకాగితములు మీ పిల్లలకు ఏమగును?

అప్పుడు పాతబస్తీ బాలుడు రాతి దగ్గఱకు పోయి, నెమ్మదిగ, అక్షర మక్షరము కూడబలుకుకొనుచు, ‘హువల్ బాఖీ’ అని చదివెను. శాశ్వతుడు ఆయనయే యని దాని యర్థము. అనేక సమాధులపై మొదటి పంక్తి యిదియే. తరువాత ‘మర్హూము’ అనెను. ఆమె ఉలికిపడి, ‘ఆ మాట మాకును కలదు!’ అనెను. ‘రూహు’ అని చదివెను; అదియు నామెకు తెలిసినదే. కొన్ని మాటలాతనికి చదువవచ్చును గాని తురుష్క భాష గనుక అర్థము కాదు; ఆమెకు వినినంతనే అర్థమగును గాని చదువరాదు. ఒకరు కన్నులు, ఒకరు చెవులుగ నిద్దఱును కూడి ఆ రాతిని సగమువఱకు చదివిరి. మిగిలినవారమెవ్వరమును కదలలేదు.

లిపి మాఱిన పిదప లేఖకులకు జీవనము కష్టమయ్యెను. అయినను కొందఱు కలము విడువలేదు. దియార్‌బకిరు నుండి వచ్చిన హామిద్ ఐతాచ్ 1982లో మరణించువఱకు ఇస్తాంబులులో వ్రాయుచు, శిష్యులను తయారుచేయుచు నుండెను. నెజ్‌మెద్దీన్ ఓక్యాయ్ లేఖకుడు, ఎబ్రు నిపుణుడు, పుస్తకములకు అట్టలు కట్టువాడు, విలుకాడు, గులాబీల పెంపకగాడు కూడ. ఆతని శిష్యుడగు ముస్తఫా దుజ్‌గున్‌మన్ మూలికల అంగడి నడుపుకొనుచు ఎబ్రును నిలిపెను. ఇట్టివారి చలువవలననే యునెస్కో సంస్థ 2014లో ఎబ్రును, 2021లో తురుష్క లిపికళను మానవజాతి వారసత్వముగ గుర్తించుట సాధ్యమయ్యెను.

హైదరాబాదు సంబంధము చెప్పెదనంటిని. చివరి ఖలీఫా అబ్దుల్ మజీదు మంచి చిత్రకారుడు, లిపికళ తెలిసినవాడు. 1924 మార్చిలో ఆ పదవి రద్దుకాగా దేశము విడిచిపోయెను. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరమున ఆయన కుమార్తె దుర్రుషెహ్‌వార్‌కును నిజాము పెద్దకుమారునికిని వివాహమయ్యెను. ఉస్మానియా వంశముననే పుట్టిన నీలోఫరు నిజాము రెండవ కుమారుని పెండ్లాడెను. హైదరాబాదులోని నీలోఫరు ఆసుపత్రి ఆమె పేరిటిదే. అచట పుట్టినవాడను గూడ మా బృందమున ఒకడుండెను. ఆ పేరెక్కడిదో ఆతనికి ఆనాడే తెలిసినది.

మేము తిరిగివచ్చిన మూడు నెలలకు ఆ యువతి యొద్దనుండి పాతబస్తీ బాలునికి ఒక కవరు వచ్చెను. ఆమె లిపికళాభ్యాసమున చేరినదట. లోపల ఆమె మొదటి పాఠము కలదు. గురువు దిద్దిన కాగితము. అందు ఆమె నల్లసిరాకంటె ఆయన ఎఱ్ఱసిరాయే యెక్కువగ నున్నది.