నీటిని పొదుపు చేసే గన్నేరు

వైశాఖమాసపు ఎండకు పెరటిలోని కనకాంబరములు తలలు వాల్చినప్పుడు కూడ, గోడవారనున్న గన్నేరు గుత్తులు గుత్తులుగా పూస్తూనే ఉంటుంది. అందుచేత దీనికి నీరే అక్కరలేదని చాలమంది నమ్మకము. ఆ నమ్మకముతోనే కొమ్మను నాటి మరచిపోతారు. నెల తిరిగేసరికి అది ఎండి పుల్ల అవుతుంది. నీరు అక్కరలేని మొక్క ఏదీ లేదు. దొరికిన నీటిని వృథాగా పోనీయని మొక్కలు మాత్రము కొన్ని ఉన్నవి.

వేళ్లు పీల్చిన నీటిలో అధికభాగము ఆకులనుండి ఆవిరిగా పోతుంది. దీనినే బాష్పోత్సేకము అంటారు. ఆ ఆవిరి పోయే పత్రరంధ్రములను మొక్క పూర్తిగా మూసివేయలేదు. ఆహారము తయారుచేసుకొనుటకు కావలసిన బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చేది కూడ ఆ దారినే. మరి గన్నేరు చేసే ఉపాయమేమి? దాని ఆకుపై మైనపు పూతవంటి దళసరి అవభాసిని ఉంటుంది. దాని క్రింద బాహ్యచర్మము, అనేక మొక్కలలోవలె ఒకే వరుసగా కాక, కొన్ని వరుసలుగా ఉంటుంది. పత్రరంధ్రములు ఆకు అడుగుభాగమున చిన్న చిన్న గుంటలలో దాగి ఉంటవి. గుంటనిండ సన్నని కేశములు. వడగాలి ఆ గుంటలలోనికి సులభముగా చొరబడదు. లోపలి గాలి కదలక, చెమ్మగా ఉండుటచేత నీరు నెమ్మదిగా ఆవిరి అవుతుంది. భూతద్దముతో ఆకు అడుగుభాగమును చూస్తే ఈ గుంటలు చుక్కలవలె కనిపిస్తవి. చూచిన తరువాత చేతులు కడుగుకొనుట మరువరాదు. కారణము ముందు తెలుస్తుంది.

ఆకు చేసేది సగము పని మాత్రమే. గన్నేరు స్వతస్సిద్ధముగా పెరిగేది వేసవిలో ఎండిపోయే వాగుల ఒడ్డున. పైన ఇసుక మాడిపోతున్నా, వేళ్లు లోతున ఉన్న చెమ్మను అందుకుంటవి. క్రొత్తగా నాటిన కొమ్మకు ఆ వేళ్లేవి? తొలకరి తరువాత పెన్సిలు లావున్న జానెడు కొమ్మను, క్రింది ఆకులు తీసి, బాగా ఎండ తగిలేచోట నాటాలి. వేళ్లు తొడిగేవరకు మట్టి ఆరనీయరాదు. ఆ పిమ్మట మొదటి సంవత్సరమంతా వానలేని రోజులలో వారమునకొకసారి పాదు నిండుగా నీరు పోయాలి. రోజూ చెంబెడు చిలకరిస్తే వేళ్లు పైపైనే ఉండిపోతవి. అటువంటి మొక్క వేసవికి తట్టుకోలేదు. క్రొత్త చిగుళ్ల కొసలనే పువ్వులు వస్తవి కనుక, ఒక విడత పూత ముగిసినపుడు కొమ్మలు కత్తిరించుట మంచిది.

కత్తిరించిన కొమ్మలను ఏమి చేయాలన్నది అసలు ప్రశ్న. గన్నేరులో ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషమే. ఇందులోని ఒలియాండ్రిన్ అనే పదార్థము గుండె కండరపు కణములలో సోడియము, పొటాసియముల రాకపోకలను భంగపరచి, గుండె లయను తప్పిస్తుంది. పచ్చి ఆకును మేక కూడ సాధారణముగా ముట్టదు. కాని ఆకు ఎండినా విషము పోదు. గడ్డిలో కలిస్తే పశువు పసికట్టలేక తింటుంది. కనుక ఆ కొమ్మలను పశువుల పాక దరిదాపుల వేయరాదు, పొయ్యిలో పెట్టరాదు, పందుంపుల్లగా వాడరాదు. పిల్లలెవరైనా నమిలితే ఇంటి వైద్యముతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. పచ్చగన్నేరు వేరే మొక్క అయినా, దాని గింజలు కూడ ఇంత ప్రమాదకరమైనవే.

ఇంతటి విషమునూ లెక్కచేయని జీవి ఒకటున్నది. తల వెనుక రెండు నీలి కన్నులవంటి మచ్చలు గల లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగు ఈ ఆకులనే తిని పెరిగి, ఆకుపచ్చ రెక్కల పెద్ద చిమ్మట అవుతుంది. అది కొమ్మలను బోడి చేసినా కంగారుపడనక్కరలేదు. వేళ్లు లోతుగా దిగిన గన్నేరు మళ్లీ చిగురిస్తుంది.