హైదరాబాదు పేరు ధరించిన విమానదళం

భిలాయి ఉక్కు కర్మాగారంలో రూపొందే రైలు పట్టాల పక్కభాగాన తయారీదారు గుర్తు, తయారైన సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలలో కనిపిస్తాయి. మరోదాలో గాని, ఆ ఉక్కునగరపు ఇతర వాడలలో గాని నివసిస్తూ ఆ పట్టాను తీర్చిన కార్మికుని పేరు మాత్రం దానిపై ఉండదు. అతడు ఆంధ్రుడో, ఛత్తీస్‌గఢ్ వాడో, బెంగాలీయో ఆ ఉక్కును చూచి చెప్పలేము. యంత్రంపై ఉన్న పేరు ఒకరిది, దానితో జీవితాన్ని ముడివేసుకున్న వారి పేర్లు వేరు. ఈ విషయాన్ని మరింత బాధాకరంగా తెలిపే ఉదంతం ఒకటి తెలుగునాటి చరిత్రతో ముడిపడి ఉన్నది. అది హైదరాబాదు పేరు ధరించిన ఒక బాంబరు విమానదళపు కథ.

మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక విమానదళానికి కావలసిన విమానాలను బహూకరించాడు. 1917 నవంబరులో ఏర్పడిన 110వ స్క్వాడ్రన్‌కు ఆ విమానాలు లభించాయి. నాటి నుండి అది 110వ (హైదరాబాదు) స్క్వాడ్రన్‌గా ప్రసిద్ధి పొందింది. దాని చిహ్నంలో పులిని చిత్రించారు. 'భయపడను, తృణీకరించను' అన్న అర్థం గల లాటిన్ వాక్యం దాని ఆదర్శం. ప్రతి విమానంపైనా అది నిజాము కానుక అని తెలిపే వ్రాత ఉండేది. అయితే నిజాము ఖజానాకు ప్రధాన ఆధారం భూమిశిస్తు. దానిని చెల్లించినవారు తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాల రైతులు. ఆ రైతుల పేర్లు విమానంపై లేవు, ఆ విమానాన్ని నడిపినవారి పేర్లూ లేవు.

ఆ విమానం పేరు డి.హెచ్. 9 ఎ. కొయ్యచట్రంపై గుడ్డ కప్పి నిర్మించిన రెండంతస్తుల రెక్కల విమానమది. అమెరికాలో తయారైన 400 అశ్వశక్తి గల లిబర్టీ ఇంజను దానిని నడిపేది. ముందు చోదకుడు, వెనుక పరిశీలకుడు కూర్చునేవారు. శత్రువిమానం వెంబడిస్తే తుపాకి పేల్చవలసినవాడు ఆ పరిశీలకుడే. పైకప్పు లేని ఆ గూళ్ళలో, ఎముకలు కొరికే చలిలో, వారు గంటల తరబడి ప్రయాణం చేసేవారు. ఆనాటి బ్రిటిష్ విమానాలలో చోదకులకు పారాచూట్లు ఇవ్వలేదు. విమానానికి నిప్పంటుకుంటే తప్పించుకునే మార్గమే లేదు.

1918 సెప్టెంబరులో ఈ దళం ఫ్రాన్సులోని బెటోంకూర్ నుండి జర్మన్ నగరాలపై పగటి దాడులు ప్రారంభించింది. అక్టోబరు 21న బయలుదేరిన 13 విమానాలలో 7 తిరిగి రాలేదు. వాటిలోని వారిలో కొందరు మరణించారు, కొందరు బందీలయ్యారు. అంతకు ముందు అక్టోబరు 5న ఎఫ్ 1010 సంఖ్య గల విమానం శత్రుభూమిపై దిగవలసి వచ్చింది. అందులోని కెప్టెన్ ఇంగ్లిస్, లెఫ్టినెంట్ బాడ్లీ బందీలుగా చిక్కారు. జర్మన్లు ఆ విమానాన్ని బెర్లిన్‌లో ప్రదర్శించారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అది పోలండు చేరింది. 1977లో లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని పోలండుకిచ్చి దీనిని తెచ్చుకున్నది. నిజాము కానుకలలో ఒకటి ఇలా నేటికీ మిగిలి ఉన్నది.

జర్మనీపై బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ నౌకాస్థావరమైన విల్‌హెల్మ్స్‌హేవన్‌పై బ్రిటిష్ వైమానికదళం మొదటి బాంబుదాడి జరిపింది. అందులో ముందు నడిచినది హైదరాబాదు స్క్వాడ్రనే. అప్పటికి దాని విమానాలు బ్లెన్‌హైమ్‌లు, నాయకుడు ఫ్లయిట్ లెఫ్టినెంట్ డోరన్. మబ్బులు క్రిందికి దిగి ఉండడం వలన వారు చాలా తక్కువ ఎత్తున ఎగురవలసి వచ్చింది. 'అడ్మిరల్ షీర్' అనే యుద్ధనౌకకు తగిలిన బాంబులు పేలలేదు. వెంటవచ్చిన 107వ స్క్వాడ్రన్ నాలుగు విమానాలను, హైదరాబాదు స్క్వాడ్రన్ ఒకదానిని కోల్పోయాయి.

ఆ ఒక్క విమానపు చోదకుడు ఫ్లయింగ్ ఆఫీసర్ హెచ్. ఎల్. ఎమ్డెన్. అతని విమానం కూలి పడినది 'ఎమ్డెన్' అనే పేరు గల జర్మన్ నౌకపైననే! విమానంలోని వారెవరూ బ్రతకలేదు. నౌకపైని నావికులు కూడా కొందరు మరణించారు. ఈ నౌకకు ఆ పేరు వచ్చినది మొదటి ఎమ్డెన్ స్మృతిగా. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు తీరానికి వచ్చి చమురు తొట్లపై గుండ్లు కురిపించిన నౌక అదే. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువారికి మద్రాసే రాజధాని. తెలుగువారు శత్రువుగా ఎరిగిన ఒక పేరు, మరొక తెలుగు నగరపు పేరుగల దళంలో అమరుడైన యువకుని ఇంటిపేరై నిలవడం చరిత్రలోని విచిత్రం.

ఇటువంటివారిని ఎలా స్మరించాలి? 1917లో నెలకొన్న యుద్ధ సమాధుల సంఘం దీనికి ఒక నియమం ఏర్పరచింది. మృతులలో ప్రతి ఒక్కరినీ పేరుతో స్మరించాలి, హోదా, జాతి, మతభేదాలు పాటించరాదు. దొరల బిడ్డకూ, కూలివాని బిడ్డకూ ఒకే కొలత రాయి. సమాధి ఎరుగని వైమానికుల కోసం 1953లో ఇంగ్లండులోని రన్నీమీడ్‌లో ప్రారంభించిన స్మారకంపై 20 వేలకు పైగా పేర్లున్నాయి. కాని ఈ నియమం అందరి విషయంలోనూ అమలు కాలేదు. మొదటి ప్రపంచయుద్ధ మృతులలో కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించలేదని ఆ సంఘమే 2021లో ప్రకటించింది. వారిలో అధికులు ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాలవారు.

1942లో హైదరాబాదు స్క్వాడ్రన్ భారతదేశానికి వచ్చింది. వెంజియెన్స్ బాంబరులతో బర్మా యుద్ధంలో పాల్గొన్నది. అదే రకపు విమానాలను భారత వైమానికదళపు 7, 8 స్క్వాడ్రన్‌లు కూడా నడిపాయి. వాటిలో పలు రాష్ట్రాల యువకులు ప్రాణాలు పణంగా పెట్టి ఎగిరారు. 110వ స్క్వాడ్రన్ 1971లో రద్దయింది. స్వాతంత్ర్యానంతర యుద్ధాలలో అసువులు బాసిన మన సైనికులకు, నావికులకు, వైమానికులకు ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం వెలసింది. దాని 'త్యాగచక్ర'లో 25 వేలకు పైగా పేర్లను ఒక్కొక్క రాతిపై ఒక్కొక్కటిగా చెక్కారు. అక్కడ భాషాభేదం లేదు, ప్రాంతభేదం లేదు.

స్మరణ అంటే యుద్ధాన్ని కీర్తించడం కాదు. ఆ బాంబుల క్రింద మరణించినవారు కూడా ఒకరి బిడ్డలే. చనిపోయినవానిని లెక్కలోని అంకెగా గాక, పేరుగల మనిషిగా తలచుకోవడమే స్మరణ. హైదరాబాదు పేరు మోసిన విమానం ఈనాడు లండనులో భద్రంగా ఉన్నది. దాని వెనుకనున్న రైతులను, దానితో కూలిన యువకులను తలచుకోవలసిన బాధ్యత మనది. మన విద్యార్థులు తమ ఊరి స్మారకశిల వద్ద ఒక్కసారి ఆగి, దానిపైనున్న పేర్లను పైకి చదివితే ఆ పనికి శ్రీకారం చుట్టినట్లే.