బొగ్గుపొగలోని పాదరసము



పాదరసము మన మెఱుగని వస్తువు కాదు. గాజు జ్వరమానిలో వెండివలె మెఱయునది అదియే. లోహములకు బంగారుపూత వేయు పనివారికిని, రసౌషధములు చేయు వైద్యులకును అది పూర్వమునుండియు పరిచితము. గంధకముతో కలిసినచో ఇంగిలీకమగును. ఇట్టి పాదరసము నేలబొగ్గులోను కొంత గలదు. బొగ్గు కాలినప్పుడు అది ఆవిరియై పొగతో లేచిపోవును. దానిని పట్టు ఉపాయమును గూర్చి నేడు నేను మీకు చెప్పదలచితిని.

ఈ విషయము మన సీమకు దూరమైనది కాదు. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలమున, వీర్లపాలెమువద్ద, 800 మెగావాట్ల విభాగము లైదింటితో 4000 మెగావాట్ల యాదాద్రి తాపవిద్యుత్కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. 2024 డిసెంబరులో అందొక విభాగము జాతి కంకితమయ్యెను. పడమట, పూర్వపు మహబూబునగరు జిల్లా సరిహద్దున, కృష్ణ కావలిగట్టున, శక్తినగరమందలి రాయచూరు విద్యుత్కేంద్రము 1980ల దశకమునుండి బొగ్గు కాల్చుచున్నది. రెండింటికిని నీరు కృష్ణానదిదే.

ఒక టన్ను బొగ్గులో పాదరసము సాధారణముగా గ్రాములో పదవవంతునకు అటునిటుగా నుండును. ఇంత స్వల్పమునకు భయమేల యందురేమో! లెక్క చూడుడు. పదివేల టన్నులు కాలినచో అది ఒక కిలో యగును. పెద్ద కేంద్రములు అంతటి బొగ్గును కొలది దినములలోనే కాల్చును. ఆ ఆవిరి గాలిలో దూరము సాగి, వానతో చెఱువులలోను నదులలోను పడును. బురదలోని సూక్ష్మజీవులు దానిని మఱింత తీవ్రమైన విషముగా మార్చును. చిన్నచేపను పెద్దచేప తినుచు పోగా ఆ విషము చేపలో పేరుకొనును. దానిని తిన్న గర్భవతి కడుపులోని శిశువు మెదడునకు హాని కలుగును. జపానులోని మినమాటయందు, ఒక కర్మాగారము సముద్రములోనికి విడిచిన పాదరసమువలన చేపలు తిన్న జనులు కాలుసేతులు స్వాధీనము తప్పి మరణించిరి. ఆ వ్యాధి 1956లో బయటపడెను. ఆ యూరిపేరనే 2013లో పెక్కు దేశము లొక ఒడంబడిక చేసికొనెను. భారతదేశము 2018లో దానిని ధ్రువపఱచెను.

ఇక ఉపాయము వినుడు. పొయ్యినుండి వెడలు పాదరసపు ఆవిరి నీట కరగదు, బూడిద కంటదు. కనుక సులభముగా పట్టువడదు. బొగ్గులో క్లోరినున్నచో అది ఆవిరితో కలిసి, కరగునట్టియు అంటునట్టియు లవణము చేయును. మన దేశపు బొగ్గులో క్లోరిను తక్కువ. అందుచే ఆ జాతిదే యగు బ్రోమినును, కాల్షియము బ్రోమైడు రూపమున, బొగ్గుపై చల్లుదురు. టన్నునకు పదులు, వందల గ్రాముల లెక్కనే చాలును. అట్లు లవణముగా మారిన పాదరసము బూడిదకు అంటి ధూళిని పట్టు యంత్రములలో చిక్కును. మిగిలినది సున్నపురాతి నీటితో పొగను కడుగు గోపురమున కరగును. అచ్చట నది మరల ఆవిరి కాకుండ గంధకపు మందు కలిపినచో, ఇంగిలీకపు జాతిదై అడుగున నిలుచును. అమెరికాలో 2012లో కఠిననియమము వచ్చిన పిదప ఈ పద్ధతులు విస్తారముగా వాడుకలోనికి వచ్చెను.

ఇట్టి ఉపాయము నల్లగొండవారికి క్రొత్తది కాదు. నీటిలోని ఫ్లోరైడును పటికయు సున్నమును కలిపి అడుగునకు దింపు పద్ధతికి 1970ల దశకమున నాగపురపు శాస్త్రజ్ఞులు మన జిల్లా పేరే పెట్టిరి. కడవలోని నీరు బాగుపడినను, అడుగుమడ్డిలో ఫ్లోరైడు అట్లే యుండును. పాదరసముగతియు నదియే. మందు దానిని నశింపజేయదు. చోటు మార్చును, అంతే. పొగలో తగ్గినంత బూడిదలోను, కడిగిన మడ్డిలోను పెరుగును. బ్రోమిను మితిమీరినచో యంత్రముల లోహమును తినును. వ్యర్థజలముతో నదిలో చేరినచో, దిగువను త్రాగునీటికి క్లోరిను కలుపునప్పుడు హానికర పదార్థములు పుట్టును.

2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ఘనమీటరు పొగలో పాదరసము 0.03 మిల్లీగ్రామునకు మించరాదని పెక్కు విద్యుత్కేంద్రములకు హద్దు విధించెను. 2025 జూలైలో సడలింపబడినది గంధకవాయువు నియమము. అయితే పొగ కడుగు గోపురము లేనిచోట పాదరసమును పట్టు ఒక సాధనము తగ్గినట్లే కదా!

కాబట్టి అధికారులు గ్రామమునకు వచ్చినప్పుడు పొగ తెల్లగానున్నదా నల్లగానున్నదా యని చూచి ఊరకుండవలదు. పాదరసము కంటికి కానరాదు. మూడు ప్రశ్న లడుగుడు: గొట్టమున పాదరసమును ఎప్పుడెప్పుడు కొలిచిరి, ఎంత తేలినది? పట్టిన బూడిదయు మడ్డియు ఎచ్చట నిలువచేసిరి? ఆ చెఱువు అడుగున నీరింకకుండ పొర వేసిరా, చుట్టుపట్ల బావులనీటిని పరీక్షించిరా? విద్యుత్తు మనకు వలయును. మన మోటబావుల స్థానమున మోటారులు నడుచుచున్నది దానివలననే. ఆ వెలుగుకు వెల యెంతయో, ఎవరు చెల్లించుచున్నారో యడుగుట పెద్దల ధర్మము.