కారు విప్పేశాక... ఇల్లు కదిలేదెలా?

ఓ మనిషి సైకిల్ తొక్కుతున్నాడు. వెనక ఏకంగా ఓ ఇల్లే కదిలొస్తోంది! 1947 నాటి ఫొటో అది. ఫ్రాన్స్ సైక్లింగ్ వీరుడు ఆల్ఫ్రెడ్ లెటూర్నర్, అమెరికాలో వాలీ బయమ్ కంపెనీ తయారుచేసిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ని సైకిల్‌తో లాగి చూపించాడు. మా బండి ఎంత తేలికో చూడండి అని చెప్పడానికే ఆ ప్రచారమంతా.

మరి అలాంటి ట్రైలర్‌నే కారునుంచి విప్పి ఇంటి పక్కనున్న షెడ్డులోకి తోయాలంటే, ఇద్దరు ముగ్గురికి చెమటలెందుకు పడతాయి?

కిటుకంతా నేలలోనే

పడకలు, వంటగది ఉన్న మామూలు ట్రైలర్ 1,200 కిలోలు ఉందనుకుందాం. చదునైన సిమెంటు నేలమీద ఒకసారి కదిలిందంటే, దాన్ని నడిపించడానికి సుమారు 15 కిలోల బలం చాలు. అదే నేల 20 అడుగులకి ఓ అడుగు చొప్పున ఎత్తు పెరిగిందా... మరో 60 కిలోల బలం కావాలి. 10 అడుగులకి ఓ అడుగైతే 120 కిలోలు! పైకి తోసేటప్పుడు ఆయాసంతో సరిపోతుంది. కిందికి దించేటప్పుడు దాదాపు అంత బలమూ మనమీదికే వస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. జారడం మొదలుపెట్టిన బండిని చేతులడ్డుపెట్టి ఆపడం ఎవరితరమూ కాదు.

రెండో చిక్కు ముందుభాగం బరువు. ఎద్దుల్ని విప్పేస్తే బండి నొగ నేలకి వాలిపోతుంది కదా, ఇదీ అంతే. అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెంమీద పడేలా సామాను సర్దుతారు. అంటే 1,200 కిలోల బండికి 120 నుంచి 180 కిలోలు. ఎత్తి పట్టుకుని నడిచే బరువు కాదది. అందుకే ముందువైపు చిన్న చక్రమున్న జాకీమీదో, రెండు చక్రాల డాలీమీదో దాన్ని నిలబెట్టి తిప్పుతారు.

తోసేముందు...

బ్రిటన్ క్యారవాన్లకి హ్యాండ్‌బ్రేక్ ఉంటుంది. ఎలక్ట్రిక్ బ్రేకులుండే అమెరికా ట్రైలర్లలో చాలావాటికి అది ఉండదు. కాబట్టి కొక్కెం విప్పకముందే చక్రాలకి ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టాలి. కదిపే ముందు నాలుగు మూలలా నిలబెట్టిన కాళ్లు పైకి లేపేయాలి. పిల్లల్ని దూరంగా పంపాలి. ‘ఆపు’, ‘పోనీ’ అని చెప్పేది ఒక్కరే అయి ఉండాలి. మరొకరు దిమ్మ పట్టుకుని చక్రం పక్కనే నడవాలి. పల్లం వైపు మాత్రం ఎవ్వరూ నిలబడకూడదు. గోడ పలచగా ఉంటుంది కాబట్టి ఎక్కడపడితే అక్కడ కాకుండా, మూలల్లో ఉండే పిడులు పట్టుకునే తోయాలి.

మీట నొక్కితే చాలు

వయసు మీదపడ్డవాళ్లూ, నడుంనొప్పి ఉన్నవాళ్లూ ఈ తోపుడుకి భయపడి ప్రయాణాలే మానుకోవాలా? అక్కర్లేదు. ట్రూమా, ఆల్కో లాంటి కంపెనీలు మోటార్ మూవర్లు తయారుచేస్తున్నాయి. ఒక్కో చక్రం దగ్గర ఓ మోటారు, దానికో రోలరు ఉంటాయి. రోలరు టైరుకి అదుముకుని తిరుగుతుంటే చక్రమూ తిరుగుతుంది. చేతిలో రిమోట్ ఉంటుంది. ఒక చక్రం ముందుకీ, రెండోది వెనక్కీ తిప్పితే బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది! మీటమీంచి వేలు తీస్తే ఆగిపోతుంది. పనిచేసేది ట్రైలర్లోని 12 వోల్టుల బ్యాటరీతో. కరెంటు బాగా లాగుతుంది కాబట్టి ముందే నిండా ఛార్జి చేసుకోవాలి. టైర్లలో గాలి సరిపడా లేకపోయినా, నేల బురదగా ఉన్నా రోలరో చక్రమో జారిపోతుంది.

మూవరు వద్దనుకునేవాళ్లకి బ్యాటరీతో నడిచే డాలీలున్నాయి. డ్రిల్లింగు మిషను తగిలించి తిప్పే రకాలూ వచ్చాయి.

ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. బండి చోటుకి చేరగానే ముందు బ్రేకు వేసి, దిమ్మలు పెట్టి, ఆ తర్వాతే రోలర్లని వెనక్కి తీయాలి. ఈ వరస తప్పితే, అంతసేపూ బుద్ధిగా మాటవిన్న బండి వాలున్న వైపు తనదారి తాను చూసుకుంటుంది!

అమెరికాలో ఉన్న మీ అబ్బాయో అమ్మాయో సెలవులకి ట్రైలర్ అద్దెకి తీసుకుంటున్నామని ఫోన్ చేస్తే, ‘జాగ్రత్త’ అని ఊరుకోకండి. ‘విప్పేముందు చక్రాలకి దిమ్మలు పెట్టారా?’ అని అడగండి.