ఆజాద్ హింద్ ఖజానా ఏమైంది?

అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. ఆజాద్ హింద్ ప్రభుత్వానికి నిధులు కావాలన్న నేతాజీ పిలుపు విని, 1944లో రంగూన్ వర్తకుడు అబ్దుల్ హబీబ్ యూసుఫ్ మర్ఫానీ తన సర్వస్వం సమర్పించారు. దాని విలువ సుమారు కోటి రూపాయలు! ఆయనకు 'సేవక్-ఎ-హింద్' పతకం లభించింది. బర్మా, మలయా దేశాల్లోని భారతీయ మహిళలు ఒంటిమీది గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. హిందువులు, ముస్లింలు, సిక్కులు - అందరి కష్టార్జితమూ ఆ ఖజానాలో చేరింది.

యుద్ధం ఎదురు తిరిగింది. 1945 ఏప్రిల్‌లో నేతాజీ రంగూన్ విడిచి బ్యాంకాక్ చేరుకున్నారు. జపాన్ లొంగిపోయాక, ఆగస్టు 17న సైగాన్‌కు వచ్చారు. అక్కడ జపాన్ బాంబర్ విమానంలో ఆయనతోపాటు కల్నల్ హబీబుర్ రహమాన్ ఒక్కరికే చోటు దొరికింది. వెంట వచ్చిన మిగతావారు సైగాన్‌లోనే ఆగిపోయారు. జర్మనీ నుంచి జలాంతర్గామిలో నేతాజీ వెంట ప్రయాణించిన హైదరాబాద్ వాసి ఆబిద్ హసన్ సఫ్రానీ వారిలో ఒకరు. నగలున్న పెట్టెలను ఆఖరి నిమిషంలో విమానంలోకి ఎక్కించారు.

మరునాడు తైహోకులో విమానం కూలిందని, నేతాజీ మరణించారని జపాన్ ప్రకటించింది. బయటపడిన హబీబుర్ రహమాన్ కూడా అదే సాక్ష్యం చెప్పారు. శిథిలాల్లో ఏరిన నగలను టోక్యోకు పంపారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. బయలుదేరిన సొమ్మెంత? దొరికిందెంత? మధ్యలో ఎన్ని చేతులు మారింది? సాక్షులు చెప్పిన లెక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 1951లో టోక్యోలోని మన దౌత్య కార్యాలయం అనుమానాలు వ్యక్తం చేస్తూ ఢిల్లీకి లేఖలు రాసింది. 1952లో ఢిల్లీకి చేరినవి కాలి, కరిగిన నగలు, సుమారు 11 కిలోలు మాత్రమే. వాటిని నేషనల్ మ్యూజియంలో భద్రపరిచారు.

నేతాజీ అదృశ్యంపై 1956లో షానవాజ్ కమిటీ, తర్వాత ఖోస్లా, ముఖర్జీ కమిషన్లు విచారణ జరిపాయి. విమాన ప్రమాదంలో ఆయన మరణించలేదని ముఖర్జీ కమిషన్ తేల్చగా, ప్రభుత్వం అంగీకరించలేదు. 2016లో రహస్య దస్త్రాలు వెల్లడై, నాటి అనుమానాలు జనానికి తెలిశాయి. సొమ్ము లెక్క మాత్రం తేలలేదు.

తన యావదాస్తి ధారపోసిన మర్ఫానీ రసీదు కోసం ఇవ్వలేదు. గాజులు తీసిచ్చిన తల్లులూ తిరిగి అడగలేదు. ఆ సొమ్ము దేశానికి వారు అప్పగించిన అమానత్. అమానత్‌కు లెక్క చెప్పాల్సిన బాధ్యత అడిగేవాళ్లు లేకపోయినా తీరదు.