కళ్లు రోడ్డు మీదే ఉన్నాయిగా తాతయ్యా!

మొన్న ఆదివారం మా మనవడు హాస్టల్ నుంచి బండి మీద ఇంటికొచ్చాడు. గేటు దగ్గర ఆగేసరికి వాడి తల ఓ పక్కకి వాలి ఉంది. చూద్దును కదా, హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకున్నాడు. "వచ్చేశానమ్మా, గేటు దగ్గరే ఉన్నా" అంటున్నాడు. నా మొహం చూడగానే సంగతి అర్థమైంది వాడికి. "చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయిగా తాతయ్యా! ఇంకేం కావాలి?" అన్నాడు.

కోపం వచ్చిన మాట నిజమే. కానీ వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. చేతులూ కళ్లూ వాటి పనిలో అవి ఉంటే ఇక ముప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? కాళ్లు కడుక్కుని రమ్మని, వాడి చెల్లెలి పుస్తకాల సంచిలోంచి 30 సెంటీమీటర్ల స్కేలు తెప్పించాను.

స్కేలు పైకొసన నేను పట్టుకున్నాను. కింద సున్నా గీతకి అటూ ఇటూ వాణ్ణి బొటనవేలూ చూపుడువేలూ తెరిచి ఉంచమన్నాను, తాకకుండా. "చెప్పకుండా వదిలేస్తాను, పడుతుండగా పట్టుకో" అన్నాను. వదిలితే 18వ గీత దగ్గర పట్టేశాడు. వస్తువు అంత దూరం కిందికి పడటానికి సెకనులో అయిదో వంతు కన్నా కాస్త తక్కువే పడుతుంది. కన్ను చూడటం, మెదడు గ్రహించడం, వేళ్లకి కబురందడం, మూడూ ఆ కాస్త కాలంలోనే జరిగిపోయాయన్నమాట.

"భేష్. ఇప్పుడు పదిహేడో ఎక్కం పైకి చదువుతూ పట్టుకో" అన్నాను. పదిహేడు ఆర్లు నూట రెండు దాకా బాగానే వచ్చింది. తరవాతి మెట్టు దగ్గర తడుముకుంటున్నాడు, నేను వదిలేశాను. స్కేలు వాడి వేళ్ల మధ్య నుంచి జారి గచ్చు మీద పడింది. నాలుగుసార్లు చేస్తే రెండుసార్లు గచ్చు మీదే పడింది, రెండుసార్లు 25 దాటాక దొరికింది. చూపు స్కేలు మీదే ఉంది, వేళ్లు తెరిచే ఉన్నాయి. మనసొక్కటే ఎక్కం దగ్గరికి వెళ్లిపోయింది.

రోడ్డు మీద జరిగేదీ ఇదే. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఉంది. డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి, చేత్తో పట్టుకోనక్కర్లేని ఫోన్లో మాట్లాడిస్తూ, కళ్లు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో కొలిచారు. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చూపు సరిగ్గా దారి పక్క బోర్డు మీదే నిలిచింది, కానీ తరవాత చూపించి అడిగితే చాలామంది గుర్తుపట్టలేకపోయారు. కన్ను చూసింది, మెదడు పుచ్చుకోలేదు. బోర్డయితే పోనీ అనుకోవచ్చు. అక్కడ అడ్డంగా పరిగెత్తే పసివాడుంటే?

అంతకుముందే, 1997లో, కెనడాలోని టొరంటోలో ఇద్దరు పరిశోధకులు ప్రమాదాల పాలైన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులు ముందేసుకుని నిమిషాల లెక్కన సరిచూశారు. ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు గుద్దుకునే అవకాశం నాలుగు రెట్లని తేలింది. ఫోను చేతిలో లేకపోయినా ముప్పు తగ్గిన జాడ కనపడలేదు. బ్లూటూత్ పెట్టుకున్నాంలే అని ధీమాగా ఉండేవాళ్లు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టించుకోవాలి.

మావాడు ఊరుకుంటాడా? "మరి అమ్మ వెనకాల కూర్చుని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంటుందిగా?" అన్నాడు. మంచి ప్రశ్న వేశాడు. వెనక కూర్చున్న అమ్మకీ రోడ్డు కనిపిస్తుంది. లారీ అడ్డమొస్తే మాట ఆపేస్తుంది, "చూసుకుని పోరా" అంటుంది. అంటే బండికి ఇంకో జత కళ్లున్నట్టు. ఫోనులో అవతలివాళ్లకి లారీ కనపడదు. సరిగ్గా నువ్వు సందు కోసం చూసే క్షణంలోనే "వింటున్నావా?" అంటారు. పలక్కపోతే బాగుండదని మనసు అటు పరిగెడుతుంది.

ఇక మెసేజ్ చదవడం మరీ ఘోరం. చెయ్యి బారుగా చాపి నీ బొటనవేలి గోరు చూడు నాన్నా. ఒక్క చూపుకి తేటగా కనిపించేది ఇంచుమించు ఆ గోరంత మేరే. మిగతాదంతా మసక. కన్ను సెకనుకి మూడుసార్ల చొప్పున అటూ ఇటూ గెంతుతూ లోకాన్ని ఏరుకొస్తుంది. ఆ గోరంత చూపునీ ఫోను మీద పెడితే రోడ్డుకి మిగిలేది ఏముంది? గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు మెసేజ్ చూశావా, 50 మీటర్లు, అంటే రెండున్నర క్రికెట్ పిచ్‌ల దూరం, కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆ వేగంతో గోడకి తగలడమంటే 14 మీటర్ల ఎత్తునుంచి, ఇంచుమించు నాలుగంతస్తుల మేడ మీంచి పడటమే. హెల్మెట్ తలని కొంత కాపాడుతుంది. మెడ, రొమ్ము, నడుము దాని చేతిలో లేవు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, ఫోను చేత పట్టుకుని బండి నడిపితే మొదటిసారికే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా వేయొచ్చంటుంది, జైలు శిక్షకీ వీలుంది. చట్టం చేతిని పట్టుకోగలదు, మనసుని పట్టుకోలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే.

ఇంతకీ ఆ రోజు వాడికి ఫోను చేసింది మా కోడలు, కొత్తిమీర కట్ట తెమ్మని. "అలాగే" అన్నాడట. తేలేదు. మాట సగమే విన్నాడు, రోడ్డూ సగమే చూసి ఉంటాడు. ఆ మాట అనగానే కోడలి మొహం పాలిపోయింది.

అందుకే ఇంట్లో ఉండేవాళ్లని కూడా చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్లాడు దారిలో ఉన్నాడని తెలిస్తే ఫోను చేయకండి. తెలియక చేస్తే, ముందుగా "బండి మీదున్నావా?" అని అడగండి. ఉన్నానంటే మరో మాట లేకుండా పెట్టేయండి.