దమ్ము, ఆస్తమా: పేరులోని వర్గభేదం

ఉబ్బసానికి కులమూ వర్గమూ లేవనే మాట తరచు వింటాం. వ్యాధికి లేకపోవచ్చు. దాని కారణాలకూ చికిత్సకూ మాత్రం ఉన్నాయి.

నేను పాఠాలు చెప్పే ముదిగొండ ప్రాంతంలో గ్రానైటు ఫ్యాక్టరీలున్నాయి, మిరప చేలున్నాయి. రాతిపొడి, మిరపఘాటు, కట్టెలపొయ్యి పొగ - ఈ మూడూ ఎక్కువగా పీల్చేది కూలివారే. (రాతిపొడి వల్ల వచ్చే సిలికోసిస్ వేరు, రెంటినీ ఒకటిగా రాయడం పొరపాటు.) పెద్దవయసులో మొదలయ్యే ఉబ్బసంలో సుమారు 16 శాతం పనిచోటు కారణంగా వస్తున్నదని అమెరికన్, యూరోపియన్ శ్వాసకోశ వైద్య సంఘాలు 2019లో అంచనా వేశాయి.

నా విద్యార్థి తల్లి ఒకామె మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. "ఆస్తమా ఉందామ్మా?" అని అడిగితే, "లేదు సారూ, దమ్మొస్తది, అంతే" అన్నది. పరిశోధకుల సమస్య అంతా ఈ జవాబులోనే ఉంది. వైద్యుడు పేరుపెట్టిన జబ్బునే లెక్కిస్తే ఆమె లెక్కలోకి రాదు. అందుకే గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ సర్వే జబ్బు పేరుతోపాటు, ఛాతీలో పిల్లికూతలు వచ్చాయా అని లక్షణాన్ని కూడా అడిగింది. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, పిల్లలూ పెద్దలూ కలిపి, పిల్లికూతలున్న భారతీయుల్లో 82 శాతానికి ఆస్తమా అన్న నిర్ధారణే జరగలేదు. నిర్ధారణ అయినవారిలోనూ రోజూ పీల్చవలసిన స్టెరాయిడ్ మందు వాడేవారు 10 శాతం లోపే.

ఈ పద్ధతికీ పరిమితి ఉంది. ప్రశ్నపత్రాలు తల్లిదండ్రులకు బడిపిల్లల ద్వారానే చేరాయి. బడికి రాని పిల్లవాడి తండ్రి, ఒంటరి ముసలి కూలీ అందులో లేరు. తొమ్మిది కేంద్రాల్లో తెలుగు ఊరు ఒక్కటీ లేదు.

ఇన్‌హేలర్ నెలనెలా కొనాలి. కూలి దొరకని నెలలో అది ఆగుతుంది. మృగశిర కార్తెకు హైదరాబాదు చేపమందు వరుసలో నిలబడేవారిని మూఢులని వెక్కిరించడం సులభం. ఆ మందుకు శాస్త్రీయ ఆధారం లేదు. కాని అది ఉచితంగా దొరుకుతుందన్న సంగతిని విమర్శకుడు మరవరాదు.

మన కథల్లో ముసలివాళ్ళు సానుభూతి కోసం దగ్గుతుంటారు. వారు ఏ పొడి పీల్చారో, ఏ మందు కొనలేకపోయారో చెప్పే కథలు తక్కువ. సర్వే చేరని ఇంటికి రచయిత చేరగలడు. ముందుగా ఆ ఇంటివారు తమ జబ్బును ఏమని పిలుస్తారో వినాలి.